పాత ఫోటో అడిగేటప్పుడు నెగెటివ్ ఉందా అని కూడా అడగండి

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం మీ జిల్లా పేజీలో వేసే పాత ఫోటోల శీర్షికను నేను మొదటి వారం నుంచీ చూస్తున్నాను. ఈమధ్య 1986 వరదల ఫోటోలు పంపమని అడిగారు, నాలుగు వారాల పాటు వేశారు కూడా. ఒక్కొక్కటీ కత్తిరించి దాచుకున్నాను, ఎందుకంటే అందులో మా లంకలున్నాయి, మా గట్టుంది, మా వాళ్లున్నారు. కానీ ఒక మాట చెప్పాలి. సగానికి పైగా ఫోటోల్లో మనిషి మొహం కనపడలేదు. ఆల్బమ్‌లో అతికించిన ప్రింటుకి ఫోన్ పెట్టి తీసి పంపారు, ట్యూబ్‌లైటు మెరుపు అందులో పడింది, ప్రింటు అప్పటికే పసుపెక్కి ఉంది, ఆపైన పేపర్లో అచ్చయ్యేసరికి నీళ్లేవో ఆకాశమేదో తెలియకుండా పోయింది. పంపినవాళ్ల తప్పు కాదది. తమ దగ్గర ఉన్నది అదొక్కటే అనుకున్నారు వాళ్లు. మీరు ఫోటో పంపమన్నారు గానీ, ఆ ప్రింటు తీసిన ఫిల్మ్, అంటే నెగెటివ్, ఉందా అని అడగలేదు. ఈ ఉత్తరం ఆ ప్రశ్న కోసమే రాస్తున్నాను.

మా నాన్నగారిది రాజోలు దగ్గర చిన్న ఫోటో స్టూడియో. పెళ్లిళ్లు, బడి గ్రూపు ఫోటోలు, పాస్‌పోర్టు ఫోటోలు, మాఘమాసంలో అంతర్వేది రథం, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, ఇవీ ఆయన పనులు. యాషికా ట్విన్ లెన్స్ కెమెరా, 120 ఫిల్మ్, ఒక రోల్‌కి పన్నెండు ఫోటోలు. ఫిల్మ్ ఓర్వో దొరికితే ఓర్వో, లేకపోతే ఊటీ ఫ్యాక్టరీలో మన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్లు అప్పట్లో చేసిన ఇందు. ఆయన పోయాక నాకు మిగిలినవి పదకొండు బిస్కెట్ డబ్బాలు. అన్నిటి నిండా నెగెటివ్‌లే, పాత కాగితం కవర్లలో, కొన్నిటి మీద పెన్సిల్‌తో తేదీ ఉంది, కొన్నిటి మీద పెళ్లివారి ఇంటిపేరు ఉంది, చాలావాటి మీద ఏమీ లేదు. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి స్టూడియో పైకప్పు లేచిపోయినప్పుడు రెండు డబ్బాలు తడిశాయి, ఆ రెండిట్లోవి ఒకదానికొకటి అంటుకుపోయి అట్టల్లా అయిపోయాయి. మిగిలిన తొమ్మిదీ నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పుకుంటూ ముప్పై ఏళ్లు అటక మీద పెట్టి మర్చిపోయాను. రిటైరయ్యాక దింపాను.

ప్రింటు ఉండగా నెగెటివ్ ఎందుకు అని అడిగేవాళ్లకి ఇది చెప్పాలి. కెమెరాలో వెలుగు నేరుగా పడింది నెగెటివ్ మీద. ప్రింటు దాని నకలు, అదీ ఆ రోజు ఉన్న కాగితం మీద, ఉన్న తొందరలో తీసింది. తెల్ల చొక్కా మడతలు, మబ్బు, నీటి మీద తళుకు నెగెటివ్‌లో ఉంటాయి, ప్రింటులో ఉత్త తెలుపుగా తేలిపోతాయి. 120 నెగెటివ్ అంటే చదరంగా అటూ ఇటూ 56 మిల్లీమీటర్లు. దాన్ని ఇంట్లో పెట్టుకునే స్కానర్‌తో 2400 డీపీఐలో, అంటే అంగుళానికి 2400 చుక్కల చొప్పున, స్కాన్ చేసినా ఒక్కో పక్క 5,290 పిక్సెళ్లు వస్తాయి, అంటే 2 కోట్ల 80 లక్షల చుక్కలు. మీ పేపర్లో సగం పేజీ నింపేయొచ్చు.

ఇంత విలువైనదాన్ని మన ఊళ్లలో ఏం చేస్తున్నారో చూస్తే కడుపు తరుక్కుపోతుంది. స్టూడియోలు ఒక్కొక్కటీ మూతపడుతున్నాయి. పాత ఎక్స్‌రేలు కొన్నట్టే నెగెటివ్‌లూ కిలోల లెక్కన కొనుక్కుపోయేవాళ్లున్నారు, అందులో వెండి ఉంటుంది కాబట్టి. నలుపు తెలుపు నెగెటివ్‌లో బొమ్మంతా వెండి రేణువులే. ఆ వెండి కోసం ఒక ఊరి పెళ్లిళ్లన్నీ ఒక్క మధ్యాహ్నంలో కరిగిపోతాయి.

నేను కూడా మొదట తప్పే చేశాను. ఒక పట్నంలో స్కానింగ్ చేస్తామని బోర్డు పెట్టుకున్న షాపుకి రెండు వందల నెగెటివ్‌లు పట్టుకెళ్లి ఇచ్చాను. పది రోజులకి ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే ప్రతి ఫోటో మీదా తెల్లటి గీతలు, వాన కురుస్తున్నట్టు, కొన్నిటి మీద ఇంద్రధనుస్సు చుట్లు. ఫైళ్లు చూస్తే ఫోన్లో వచ్చే శుభోదయం బొమ్మంత సైజు. వెళ్లి అడిగితే "పాతవి కదమ్మా, ఇంతకంటే రావు" అన్నారు. ఆ మాట నమ్మి ఇంకా ఎంతమంది తమ డబ్బాలు పారేశారో అని నాకు బాధ. ఆ మాట నిజం కాదు. వస్తాయి. ఇంట్లోనే వస్తాయి. గీతలు పోతాయి, చుట్లు పోతాయి, మొహం కనిపిస్తుంది. దానికి కావలసింది ఒక గాజు పలక, ఒక చిన్న సీసాడు ద్రవం, ఓపిక.

దీన్ని వెట్ మౌంటింగ్ అంటారు. నెగెటివ్‌ని పొడిగా స్కానర్‌లో పెట్టకుండా, ఒక గాజు పలకకి సన్నటి ద్రవం పొరతో అంటించి స్కాన్ చేయడం. కొత్త సంగతేమీ కాదు, పెద్ద ప్రెస్సుల్లో డ్రమ్ స్కానర్లు ఉన్న రోజుల్లో ఫిల్మ్‌ని డ్రమ్ముకి ఇలాగే నూనెతో చుట్టేవాళ్లు. మీ ప్రెస్సులో పాతకాలం పనివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకి తెలిసే ఉంటుంది.

నిజానికి దీని గుట్టు నాకు చిన్నప్పుడే తెలుసు, తెలుసని తెలియలేదు, అంతే. నాన్న డార్క్‌రూమ్‌లో ఎన్‌లార్జర్‌కి, అంటే బొమ్మని పెద్దది చేసి ప్రింటు తీసే యంత్రానికి, నెగెటివ్ ఎక్కించేముందు దీపం దగ్గర పెట్టి చూసేవారు. గీత కనపడితే, చూపుడు వేలు ముక్కు పక్కన గట్టిగా రాసి, ఆ జిడ్డుని గీత మీద చాలా మెల్లగా, ఒక్కసారి, పసిపిల్ల కనుబొమ్మ దిద్దినట్టు దిద్దేవారు. ప్రింటులో గీత ఉండేది కాదు. నేను ఎనిమిదో తరగతిలో అడిగాను, గీత ఏమైందని. "ఉంది, కాని వెలుగుకి కనపడటం లేదు" అన్నారు. ఆ ఒక్క వాక్యంలో మొత్తం పాఠం ఉంది.

గోదారి ఒడ్డున ఎండిన గులకరాయి తీసుకోండి, బూడిద పూసినట్టు ఉంటుంది. నీళ్లలో ముంచండి, లోపలి రంగంతా బయటికొస్తుంది. కాగితానికి నూనె రాస్తే అవతలి అక్షరాలు కనిపిస్తాయి. గీతలు పడ్డ కళ్లద్దాల మీద నీళ్లు పోస్తే ఆ క్షణం గీతలుండవు. అన్నిటికీ కారణం ఒక్కటే. వెలుగు ఒక పదార్థంలోంచి ఇంకో పదార్థంలోకి పోయేటప్పుడు వంగుతుంది, ఎంత వంగుతుందన్నది వాటి వక్రీభవన గుణకాల, అంటే వెలుగుని ఎంత వంచుతాయో చెప్పే అంకెల, తేడాని బట్టి ఉంటుంది. గాలికి 1, గాజుకి సుమారు 1.5, ఫిల్మ్‌కీ దాని మీది జిలాటిన్ పూతకీ కూడా దాదాపు 1.5. ఫిల్మ్ వీపు మీద, అంటే పూత లేని వైపు, గీత పడితే ఆ గాడిలో గాలి ఉంటుంది, వెలుగు అక్కడ చెదిరిపోతుంది, స్కానర్‌కి అది గీతలా కనిపిస్తుంది. ఆ గాడిని 1.4 పైచిలుకు గుణకం ఉన్న ద్రవంతో నింపితే వెలుగుకి అక్కడ గాడి ఉన్నట్టే తెలియదు, నేరుగా వెళ్లిపోతుంది. ఆ షాపువాళ్లిచ్చిన ఫోటోల మీది ఇంద్రధనుస్సు చుట్లూ అంతే, అవి న్యూటన్ వలయాలు, ఫిజిక్స్ పుస్తకాల్లో బొమ్మ వేసి మరీ చెప్పేవి. ఫిల్మ్‌కీ గాజుకీ మధ్య వెంట్రుకకంటే సన్నటి గాలి పొర ఉంటే వస్తాయి. గాలి తీసేసి ద్రవం పెడితే రావు. మూడో లాభం, వంకర పోయిన ఫిల్మ్ గాజుకి అతుక్కుని బల్లపరుపుగా నిలుస్తుంది, అంచు నుంచి అంచుదాకా ఒకే ఫోకస్ దొరుకుతుంది. ముప్పై ఏళ్లు చుట్టచుట్టుకుని ఉన్న 120 నెగెటివ్‌లకి ఇది చిన్న విషయం కాదు.

ఇప్పుడు ఎలా చేస్తానో చెప్తాను, ఎవరికైనా పనికొస్తుందని. మూతలో కూడా లైటు ఉండే స్కానర్ కావాలి, మామూలు జిరాక్స్ స్కానర్ పనికిరాదు. నాది ఎప్సన్ కంపెనీది, పాతది, ఎవరో వాడి అమ్మేసింది కొన్నాను. అట్ట మీద 6400 డీపీఐ అని ఉంటుంది గానీ గాజు మీద పరిచి స్కాన్ చేసే ఇలాంటి ఫ్లాట్‌బెడ్ స్కానర్లు నిజంగా విడదీసి చూపించగలిగేది 2400 దగ్గర్లోనే. ఆపైన ఫైలు పెరుగుతుంది, వివరం పెరగదు, కాబట్టి 6400 లో స్కాన్ చేసి కంప్యూటర్ నింపుకోకండి.

ద్రవాన్ని స్కానర్ గాజు మీద ఎప్పుడూ పోయకూడదు. ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. గాజు అంచుల్లోంచి లోపలికి జారితే స్కానర్ పోయినట్టే. ఫోటో ఫ్రేములు కట్టే షాపులో ఒక గాజు పలక కోయించి, అంచులు రాయించి తెచ్చుకున్నాను. బల్ల మీద తెల్ల కాగితం, దాని మీద పలక. నెగెటివ్ మీది దుమ్ము మెత్తటి బ్రష్‌తో, గాలి బుడ్డితో పోగొట్టి, మెరిసే వైపు ఏది, మసక వైపు ఏది చూసుకుంటాను. మసక వైపు పూత, అక్కడే బొమ్మ ఉంటుంది. మెరిసే వైపు వీపు. డ్రాపర్‌తో పలక మధ్య ఒక గీతలా ద్రవం పోసి, నెగెటివ్ ఒక అంచు ముందు ఆనించి, మెరిసే వైపు గాజుకి తగిలేలా, మెల్లగా అవతలి అంచుదాకా వాల్చుకుంటూ పోతాను. ఆత్రేయపురంలో పూతరేకు తీసే ఆడవాళ్ల చేతిలో ఎంత తేలిక ఉంటుందో అంత తేలిక కావాలి, తొందరపడితే బుడగ చిక్కుతుంది. చిక్కితే లేపి మళ్లీ వాల్చాలి గానీ, వేలితో నొక్కి తోయకూడదు. అంచుల దగ్గర, బొమ్మ లేనిచోట, సన్నటి టేపు ముక్కలు రెండు.

తర్వాత పలకని తిరగేసి, నెగెటివ్ కింది వైపుకి వచ్చేలా స్కానర్‌లో పెడతాను. పలక నాలుగు మూలల కింద నాణేలు. ఎందుకంటే స్కానర్ లెన్స్ ఫోకస్ గాజు మీద కాకుండా కాస్త పైన ఉంటుంది చాలా మోడళ్లలో, ఎంత పైన అన్నది యంత్రానికీ యంత్రానికీ మారుతుంది. మొదటి రోజు ఒకే నెగెటివ్‌ని నాణెం లేకుండా ఒకసారి, ఒక నాణెంతో ఒకసారి, రెండిటితో ఒకసారి స్కాన్ చేసి, పెద్దది చేసి, ఫిల్మ్‌లోని వెండి రేణువులు ఎక్కడ పదునుగా ఉన్నాయో చూసుకున్నాను. నా దానికి రెండు నాణేలు సరిపోయాయి. ఒకసారి తేలాక ఇంక చూసుకోనక్కర్లేదు. పూత వైపు నుంచి స్కాన్ చేస్తున్నాం కాబట్టి బొమ్మ అద్దంలోలా కుడి ఎడమలు తిరగబడి వస్తుంది, కంప్యూటర్లో తిప్పుకోవాలి. తిప్పామో లేదో అనుమానం వస్తే ఫోటోలో ఆడవాళ్ల పైట చూడండి, ఎడమ భుజం మీద ఉంటే సరిగ్గా ఉన్నట్టు. ఫైలు 16 బిట్ గ్రేస్కేల్ టిఫ్‌లో, అంటే వివరం ఏమీ పోని నలుపు తెలుపు ఫైలుగా, దాచుకోవాలి, ఒక్కోటి 56 ఎంబీ దాకా ఉంటుంది, పరవాలేదు. జేపెగ్ తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు.

పూత వైపు కూడా ద్రవం పోసి, పైన మైలార్ అనే పలచటి పారదర్శక ప్లాస్టిక్ షీటు కప్పి, రెండు వైపులా తడిపే పద్ధతే అసలు పద్ధతి. ఇంకొంచెం బాగా వస్తుంది కూడా. కానీ మన పాత స్టూడియో నెగెటివ్‌లకి నేను ఒక వైపే తడుపుతాను, వీపు వైపు. కారణం ఉంది. ఆ రోజుల్లో పెళ్లికూతురు మొహం మీద మొటిమ మచ్చ పోగొట్టడానికి నెగెటివ్ పూత మీద వార్నిష్ లాంటిది రాసి, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో రీటచింగ్ చేసేవాళ్లు. నాన్న దీపం ముందు గంటలు గంటలు కూర్చుని చేసిన పని అది. పెట్రోలియం ద్రవం తగిలితే ఆ వార్నిష్, ఆ పెన్సిల్ చెరిగిపోయే ప్రమాదం ఉంది. పెన్సిల్ గీతలు పూత మీద ఏటవాలు వెలుగులో కనిపిస్తాయి, ముందు చూసుకోండి.

ద్రవం సంగతి. విదేశాల్లో దీనికోసమే కామి అని, లూమినా అని ద్రవాలు అమ్ముతారు, అవి ఇక్కడికి తెప్పించుకోవడం కష్టం. నేను వాడేది సిగరెట్ లైటర్లలో పోసే నాఫ్తా, లైటర్ ఫ్లూయిడ్ అని చిన్న డబ్బాల్లో వస్తుంది. మరక లేకుండా ఆరిపోతుంది, అందులో నీరుండదు కాబట్టి జిలాటిన్ ఉబ్బదు. బట్టల్లో వేసే కలరా ఉండలు నాఫ్తలీన్, అది వేరు, పేరు చూసి పొరపడకండి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనూ చేసేవాళ్లున్నారు గానీ అది స్కాన్ అయ్యేలోపే అంచుల్నుంచి ఆరుకుంటూ వస్తుంది. మెడికల్ షాపులో ఇచ్చే 70 శాతం స్పిరిట్ అసలు వద్దు, మిగతా 30 శాతంలో నీళ్లుంటాయి. గోళ్ల రంగు తీసే అసిటోన్ ఫిల్మ్‌నే పాడుచేస్తుంది. కిరోసిన్ జిడ్డు వదలదు. కొబ్బరినూనె రాస్తే ఎలా ఉంటుందని మా పక్కింటావిడ అడిగింది, మన కోనసీమలో ఆ ప్రశ్న రాకుండా ఉండదు, వద్దనే చెప్పాను. నూనె మెరుస్తుంది, నిజమే, కానీ దాన్ని మళ్లీ పూర్తిగా తుడవలేం, ఆ జిడ్డుకి దుమ్మూ పట్టుకుంటుంది.

నాఫ్తా పెట్రోలులాగే అంటుకుంటుంది. వంటింట్లో చేయకండి, దేవుడి దీపం వెలుగుతున్న గదిలో చేయకండి, కిటికీలు తీసి పెట్టుకోండి, పిల్లలు నిద్రపోయాక చేద్దామని తలుపులు మూసుకోకండి. ఒక్కసారికి కావలసిన చుక్కలు తీసుకుని డబ్బా మూత పెట్టేసి దూరంగా పెట్టండి.

కొన్ని నెగెటివ్‌ల జోలికి ఇలా వెళ్లనే కూడదు. 1950ల ముందువాటిలో నైట్రేట్ ఫిల్మ్ ఉండొచ్చు, అది తనంతట తానే భయంకరంగా మండే రకం. అంచు మీద సేఫ్టీ అని ఇంగ్లీషులో ఉంటే అది నైట్రేట్ కాదు. పూత పొరలుగా లేస్తున్న గాజు నెగెటివ్‌లకి ద్రవం తగిలించకండి. డబ్బా మూత తీయగానే పులిసిన కల్లు వాసన వస్తే ఫిల్మ్ బేస్, అంటే పూత కింద ఉండే పొర, కుళ్లుతోందన్నమాట, మన ఉక్కపోతలో ఇది తొందరగా జరుగుతుంది, ఆ వాసన వచ్చేవాటిని మిగతావాటి నుంచి వెంటనే వేరుచేయండి, ఆ ఆమ్లపు ఆవిరి పక్కవాటికీ పాకుతుంది. ముందు పొడిగా స్కాన్ చేయాల్సినవీ అవే, ఎందుకంటే అవి ఆగవు. బూజు పట్టినవాటిని ఎట్టి పరిస్థితుల్లోనూ నీళ్లతో కడగకండి. బూజు తిన్న జిలాటిన్ నీళ్లు తగిలితే కరిగిపోతుంది. మా పిన్ని మంచి మనసుతో, వేపాకు నీళ్లతో కడిగి ఆరేసింది ఒక డబ్బాడు. బొమ్మలు బకెట్‌లో మిగిలాయి.

అన్నిటికీ తడి పద్ధతి అక్కర్లేదు. ఒక్కో నెగెటివ్‌కి నాకు ఇరవై నిమిషాలు పడుతుంది, నాలుగు వేలు అలా చేయలేం. ముందు అన్నీ పొడిగా చిన్నగా స్కాన్ చేసి చూసుకుంటాను, తర్వాత ఏరుతాను. ఏరడానికి నాన్న ప్రింట్లు చూసే పద్ధతే. ఫోటోలో గీత తెల్లగా ఉంటే అది వీపు మీది గీత, తడి పెడితే పోతుంది. నల్లగా ఉంటే పూతే చెక్కుకుపోయింది, బొమ్మే లేదక్కడ, ఏ ద్రవమూ తేలేదు. తెల్ల చుక్క దుమ్ము కూడా కావచ్చు, దాన్ని బ్రష్‌తోనే తీయాలి. 1991 పుష్కరాలప్పటికి చాలామంది కలర్ ఫిల్మ్‌కి మారిపోయారు, ఆ కలర్ నెగెటివ్‌లకి స్కానర్‌లో డిజిటల్ ఐస్ అనే సదుపాయం ఉంటే అదే పరారుణ కాంతితో గీతల్ని పట్టి సరిచేస్తుంది, తడి అవసరం తక్కువ. నలుపు తెలుపుకి మాత్రం అది పనిచేయదు, వెండి ఆ కాంతిని కూడా ఆపేస్తుంది కాబట్టి బొమ్మనే గీత అనుకుంటుంది. అందుకే తడి పద్ధతి మన పాత నలుపు తెలుపు నెగెటివ్‌లకి ప్రాణంలాంటిది.

ఒక్క ఫోటో గురించి చెప్పి నా విన్నపం చెప్తాను. 1986 ఆగస్టు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద, లంకల్లో ఇళ్ల చూరుల దాకా నీళ్లు. నాన్న కెమెరాని ప్లాస్టిక్ సంచిలో చుట్టి మెడకి కట్టుకుని నాటు పడవలో వెళ్లి ఒకటిన్నర రోల్ తీశారు. అందులో ఒకటి బడి వరండా. స్తంభానికి పడవ కట్టేసి ఉంది, పడవలో ఒక ముసలావిడ, ఒళ్లో కోళ్ల గంప, పక్కన రేకు పెట్టె. ఈ ప్రింటు మా ఇంట్లో ఎప్పుడూ ఉంది. ఆవిడ మొహం మీంచి ఏటవాలుగా మూడు తెల్ల గీతలు, కళ్లూ ముక్కూ ఏమీ తెలియవు, ఎవరో లంక మనిషి అనుకునేవాళ్లం. ఆ హడావిడిలో నెగెటివ్‌ని తడి పంచె కొంగుతో తుడిచి ఉంటారు, ఆ గీతలు అలాంటివే.

పోయిన మాఘంలో, గాలి పొడిగా ఉన్న ఒక మధ్యాహ్నం, ఆ నెగెటివ్‌ని గాజుకి అంటించాను. స్కాన్ పట్టీ పట్టీగా తెర మీదికి దిగుతుంటే చూస్తూ కూర్చున్నాను. ముందు చూరు పెంకులు, తర్వాత స్తంభం, స్తంభం మీద బొగ్గుతో గీసిన ఒక అడ్డగీత, దాని పక్కన అంకెలు, 16 అని. ప్రింటులో ఆ స్తంభం ఉత్త తెల్లటి చారగా ఉండేది. నీళ్లు అప్పటికే ఆ గీతకి జానెడు కిందికి దిగాయి, అంటే 16వ తేదీన నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఎవరో గుర్తు పెట్టారు. ఆ తర్వాత ఆవిడ మొహం వచ్చింది. గీతలు లేవు. ఎడమ చెంప మీద పులిపిరి, రెండు ముక్కుపుడకలు. మా అమ్మమ్మ చెల్లెలు. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. ఆవిడ ఫోటో ఒక్కటి కూడా మాకు లేదని, దినకర్మలకి పటం కట్టించడానికి లేకపోయిందని మా అమ్మ చివరిదాకా బాధపడుతూనే ఉండేది, అది మా గోడ మీదే ఉంది ఇన్నేళ్లూ.

అందుకని నేను అడిగేది ఇది. మీ శీర్షిక కింద ఒక్క వాక్యం కలపండి, "నెగెటివ్ ఉంటే పారేయకండి, ఉందని మాకు రాయండి" అని. పంపమని అనవద్దు, పోస్టులో పోతాయి. జిల్లా కేంద్రంలో మీ ఆఫీసు ఉంది, నెలకి ఒక రోజు జనం నెగెటివ్‌లు తెచ్చుకుని, తమ కళ్లముందే స్కాన్ చేయించుకుని, తిరిగి పట్టుకెళ్లేలా పెట్టొచ్చు. శాఖా గ్రంథాలయాల్లో ఒక మంచి స్కానర్ పెట్టమని రాయొచ్చు, జూనియర్ కాలేజీ పిల్లలకి ఇది ఒక్క రోజులో నేర్పొచ్చు, న్యూటన్ వలయాలు వాళ్లకి కళ్లతో చూపించినట్టూ ఉంటుంది. నేర్పడానికి నేను వస్తాను. మూసేస్తున్న స్టూడియోల వాళ్లకి కూడా మీ మాట చేరితే, డబ్బాలు తూకానికి వేసేముందు ఆ ఊరి బడికో గుడికో కబురు చేస్తారు. 2022 జూలైలో వరదొచ్చినప్పుడు అందరూ 1986తో పోల్చి మాట్లాడారు, ఏ ఊళ్లో ఎంత ఎత్తు వచ్చిందన్నది ఎవరికి గుర్తున్నట్టు వాళ్లు చెప్పారు. బొగ్గు గీతలు ఇంకెన్ని నెగెటివ్‌లలో ఉన్నాయో. 2027లో పుష్కరాలు వస్తున్నాయి, అప్పుడు మీరే 1991 ఫోటోలు, 2003 ఫోటోలు అడుగుతారు. ఇప్పుడే మొదలుపెట్టండి.

ఈ ఉత్తరంతో పాటు ఆ బడి వరండా ఫోటో రెండు రకాలుగా పంపుతున్నాను. ఒకటి పొడిగా స్కాన్ చేసింది, ఒకటి తడిగా చేసింది. వేస్తే రెండూ పక్కపక్కనే, ఒకే సైజులో వేయండి. స్తంభం కత్తిరించకండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రాజోలు